బస్సోళ్ళ మందు

మొన్న కోరుట్లలో చుట్టాలింట్లో తొట్టెల ఫంక్షనుకు పోదామని సిరిసిల్లలో బస్సెక్కాను. వేములవాడ దాటగానే కునుకు పట్టింది. లేచి చూసేసరికి కోరుట్ల బస్టాండు ముందర బస్సు ఆగి ఉంది. రోడ్డుకు సగం దాకా షామియానా వేసి ఉంది, దాని పక్కన నిలువెత్తు ఫ్లెక్సీ, అందులో ఒక పెద్దాయన చేతులు జోడించి నవ్వుతున్నాడు. ఆయన సంవత్సరీకమట, అన్నదానం జరుగుతోంది. ఆయన మనుమలు తెల్లచొక్కాలేసుకుని, ఆగిన బస్సుల కిటికీల్లోంచి కూడా పులిహోర ప్లేట్లు అందిస్తున్నారు. నా పక్క సీటు ముసలమ్మ రెండు ప్లేట్లు అందుకుని ఒకటి నా ఒళ్ళో పెట్టింది. "తీస్కో బిడ్డా, దొడ్డ మనిషి. ఎంతమందిని సాదిండో ఎరికేనా" అంది. నాకెరికే. కానీ చేతికొచ్చిన అన్నం వద్దనకూడదని మా తాత నేర్పాడు. కళ్ళకద్దుకుని తిన్నాను. ఉప్పూ పులుపూ సరిగ్గా కుదిరాయి. అదే నా బాధ.

ఆ ఇంటిని మా చిన్నప్పటి నుంచీ అందరూ బస్సోళ్ళిల్లు అనేవారు. నేను బడికి పోలేదు. అమ్మమ్మగారి ఊరు కోరుట్లకు అవతల, మెట్‌పల్లి పోయే దారికి లోపలికి ఉంటుంది. బాపు పని కోసం బొంబాయి పోయినప్పటి నుంచి అవ్వా, అంటే మా అమ్మా, నేనూ అక్కడే ఉండేవాళ్ళం. తాత కల్లుగీసేవాడు. పొద్దుటి చెట్లు దిగి వచ్చాక పెరట్లో ఇసుక పరిచి నాకు అక్షరాలు దిద్దించేవాడు, దేవుడి పాటలు బట్టీ పట్టించేవాడు. ఇసుకలో కాకుండా బయట నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాట 'బొంబాయి'. అది బస్సోళ్ళ బస్సు నుదుటి మీద ఉండేది. ఆ మాట కింద వరసగా ముగ్గురు దేవుళ్ళ బొమ్మలు, ఒక నిమ్మకాయ ఉండేవి. నేను దేవుళ్ళకు దండం పెడితే మా అమ్మమ్మ నవ్వేది. "మీ బాపును తీస్కపోయిన బస్సుకు మొక్కుతానవానే" అనేది. దేవుడు ఎక్కడున్నా దేవుడే కదా అని నాకప్పుడు అనిపించేది. ఇప్పటికీ అంతే.

ఆ ఇంటి మొదటి తరం పెద్దమనిషి గురించి తాత ఎప్పుడూ చెడ్డగా చెప్పలేదు. ఎడ్లబండి మీద లొట్లు, అంటే కల్లు కుండలు, మోసుకొచ్చి, కోరుట్లలో పందిరి వేసుకుని అమ్ముకున్నవాడట. వేలంలో చెట్లు పట్టాడు, తర్వాత లారీ కొన్నాడు, ఆ తర్వాత బస్సు కొన్నాడు. వానలు లేక బావులెండిపోయిన కాలంలో మా పల్లెలన్నీ ఆ బస్సులోనే ఖాళీ అయ్యాయి. చేతిలో ఏమీ లేనివాణ్ణి కూడా ఆయన కాదనలేదు. "ఎక్కు, తర్వాత చూస్తం" అనేవాడట. ఆ ఒక్కమాటే ఆ ఇంటి ఆస్తి. మా బాపు కూడా ఆ మాట మీదే ఎక్కాడు. ఎక్కినవాళ్ళలో చాలామంది ఆ 'తర్వాత' అనేది ఎప్పుడొస్తుందో, ఏ రూపంలో వస్తుందో తెలియకుండానే బతికారు. ఇళ్ళ దగ్గర మిగిలిన ఆడవాళ్ళకు బస్సోళ్ళు ఎదురుపడితే కొంగు సర్దుకుని పక్కకు తప్పుకోవడం అలవాటైపోయింది.

రెండో తరంలో ముగ్గురన్నదమ్ములు. ఫ్లెక్సీలో నవ్విన ఆయన వాళ్ళలో పెద్దవాడు. వాళ్ళ కాలంలోనే బస్సులో పోయేటప్పుడు మనుషులు, వచ్చేటప్పుడు పొడి. సంచుల కొద్దీ వచ్చే ఆ తెల్లపొడిని మా దిక్కు 'మందు' అంటారు. దాన్ని నీళ్ళలో కలిపి, రంగుకు కొద్దిగా చెట్టు కల్లు చూపించి, సీసాల్లో పోసి కల్లు డిపోల్లో అమ్మేవారు. ఒక్క చెట్టు కల్లు ఊరంతటికీ సరిపోయేది. ఇక చెట్లెందుకు, గీసేవాళ్ళెందుకు? ఒప్పుకోని గీతకార్మికుల లొట్లు తెల్లారేసరికి చెట్టు మొదట్లో పగిలి ఉండేవి. బీర్పూర్ దిక్కు ఒకాయన చెట్టెక్కే మోకు సగం తెగి ఉన్న సంగతి చూసుకోక ఎక్కి, పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. మర్నాడే బస్సోళ్ళ జీపు వచ్చి ఆయన్ను దవాఖానకు తీసుకుపోయింది, కొడుకును బొంబాయిలో పనికి పెట్టింది. విరిచేదీ వాళ్ళే, కట్టు కట్టేదీ వాళ్ళే. అందుకే వాళ్ళను తిట్టేవాళ్ళ కంటే దీవించేవాళ్ళే ఎక్కువ. డిపోల సీసాలు స్టేషన్ ముందు నుంచే పోయేవి, ఎవరూ ఎవరినీ ఏమీ అడిగేవారు కాదు.

మా మేనమామ మాత్రం మందు కలపలేదు. అవ్వకు తమ్ముడు, తాతకు ఒక్కడే కొడుకు. తాత పోయాక ఆ మోకు భుజాన వేసుకున్నాడు. ఆయన లొట్లు కూడా రెండుసార్లు పగిలాయి. తర్వాత పగలగొట్టడం మానేశారు, ఎందుకంటే అవసరం లేకుండా పోయింది. ఆయన కల్లు తాగేవాళ్ళే తగ్గిపోయారు. "నీ కల్లు ఎక్కుతలేదురా, నీళ్ళ తీర్గున్నది" అని వాడకట్టు ముసలివాళ్ళే మొహం మీద అనేవారు. డెబ్బై అడుగుల చెట్టెక్కి దించిన కల్లు సాయంత్రానికి పులిసిపోతే ఆయన దాన్ని బర్రె కుడితిలో పోసేవాడు. "మా బర్రెకున్న తెలివి మనుషులకు లేదు" అని తానే నవ్వేవాడు.

మా అత్తమ్మ ఇంకా నవ్వించేది. ఆమె నాట్లకు, కలుపుకు పోయే మనిషి. గొంతు పెద్దది, నోరు ఇంకా పెద్దది. "మీ మామ చెట్టు మీదుంటే నా మాట మూడూర్లకు ఇనవడుతదంటడు. కిందికి దిగిండంటే చెవుడు" అనేది. నన్ను "కోడలా" అని పిలిచి, నా జడ గుంజి, "చదువుకున్న దొరసాని, జర మా కొంపకు దయ చేస్తవా" అని ఎగతాళి చేసేది. ఆ మనిషి నవ్వు నాకిప్పుడు సరిగ్గా గుర్తుకు రాదు. తర్వాత చూసిన ముఖం దానికి అడ్డం వస్తుంది.

నా పెళ్ళయి, మా ఆయన మస్కట్ పోయి, నేను చంటిపిల్లతో అవ్వ దగ్గర ఉన్న కాలం. మా ఆయన వీసా కూడా ఆ ఇంటి నుంచే వచ్చింది. ఆ ఎండాకాలంలో, పైనుంచి ఏ హుకుం వచ్చిందో, డిపోల మీద దాడులు జరిగాయి. పొడి దొరకడం ఆగింది. ఊరు బాగుపడుతుందని మేం మొక్కుకున్నాం. రెండు మూడు రోజులకే ఊరు వణకడం మొదలైంది. నాలుకలు మొద్దుబారాయి, మెడలు పక్కకు తిరిగాయి. చచ్చిపోయిన వాళ్ళతో మాట్లాడేవాళ్ళు కొందరు, గోడ మీద లేని చీమలను దులిపేవాళ్ళు కొందరు. ఇంటికొకరు పడ్డారు.

అది మందు దొరకక వచ్చిన రోగమని మాకెవరికీ తట్టలేదు. పోచమ్మకు కోపమొచ్చిందనుకున్నాం. మా ఊళ్ళో వణుకు వచ్చిందంటే, మాట మారిందంటే అమ్మవారు పూనినట్టే లెక్క. ఆ వణుకును అంతకుముందు మేం భక్తితోనే చూశాం. అందుకే ఊరంతా వణుకుతుంటే ఊరంతా దండం పెట్టింది. అమ్మవారు పూనే శివసత్తి ముసలమ్మ ఊగి, "నా సాక మైలపడ్డది. చెట్టు కల్లు తెండ్రి, చెట్టు కల్లు" అంది. అమ్మవారి ముందు నేల మీద ధారగా పోసే కల్లును సాక అంటాం. ఎన్నేళ్ళుగానో ఆ ధార కూడా డిపో సీసాల్లోంచే పోస్తున్నారు. చెట్టు కల్లు ఊరి మొత్తంలో మా మామ దగ్గర తప్ప లేదు.

ఊరి పెద్దలు వచ్చి మామ గడపలో నిలబడ్డారు. నీళ్ళ తీరుగున్నదన్న ముసలివాళ్ళే. మామ ఏమీ ఎత్తిపొడవలేదు. తలస్నానం చేసి, తడిబట్టతో చెట్టెక్కాడు. ఊరంతా కింద నిలబడి పైకి చూసింది. ఆయన దిగేటప్పుడు ఆడవాళ్ళు లొట్టికి పసుపు రాశారు. ఆయన ముఖం నేనెప్పుడూ అట్లా చూడలేదు, పెళ్ళికొడుకు ముఖం. సాక పోశాడు. మిగిలింది అందరికీ దొప్పల్లో పంచారు. మా అత్తమ్మ దొప్ప నోటికి పెట్టుకుని, ఉమ్మేసింది.

"సప్పగున్నది" అంది.

ఆ మాట అనగానే మెడ వెనక్కి విరిచినట్టయి పడిపోయింది. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. అవ్వ తాళాలగుత్తి తెచ్చి చేతిలో పెట్టింది. జనం మామ వైపు చూశారు. "ఈ మనిషి గీసిన చెట్టే మైలున్నట్టుంది" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఖాళీ లొట్టి పట్టుకుని మామ అక్కడే నిలబడిపోయాడు. తన చేతి కల్లును అమ్మవారే వద్దన్నదని ఆయన నమ్మాడు. ఆ పూట నేనూ నమ్మాను.

జగిత్యాల దవాఖానలో మంచాలు చాలక వరండాలో కూడా ఇట్లాంటివాళ్ళే. కొందరిని తువ్వాలలతో మంచానికి కట్టారు. డాక్టరు చిన్నవాడు, కోస్తా దిక్కు నుంచి వచ్చినట్టుంది మాట. "మందు తాగుతుందా?" అని అడిగాడు. మామకు రోషం వచ్చింది. "మా ఇంట్ల ఎవ్వరు మందు ముట్టరు సారు" అన్నాడు. మందంటే బ్రాందీ అనుకున్నాడు. "మరి మందులేమన్నా వాడుతుందా?" అన్నాడు డాక్టరు. "తలనొత్తే గోలి గూడ మింగది" అన్నాడు మామ. రెండూ నిజమే. డాక్టరు తల గోక్కుని, వరండా వైపు ఒకసారి చూసి, "కల్లు తాగుతుందా?" అన్నాడు.

"కల్లు తాగదా సారు? నేనే గీస్త. మా ఇంటి కల్లే. స్వచ్ఛమైంది."

మంచం మీద నుంచి అత్తమ్మ నాలుక కూడదీసుకుని మాట్లాడింది. మొద్దుగా వచ్చింది కానీ అందరికీ అర్థమైంది. "డిపోది" అంది. మామ వైపు కళ్ళు తిప్పి, "నాట్లేసి నడుములు గుంజుతయి. నీది తాగితే నొప్పి పోతలేదు" అంది.

మామ బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. నేను పిల్లనెత్తుకుని పక్కన నిలబడ్డాను. అరచేతులు చూసుకుంటూ, "అమ్మోరు గాదు బిడ్డా. మందు" అన్నాడు. అమ్మవారు తనను వద్దనలేదన్న నిమ్మళం ఆ గొంతులో ఉంది. కట్టుకున్నదే వద్దన్నదన్న సంగతి కూడా అందులోనే ఉంది. ఊరంతా తన కల్లు మానేసినా పడని దెబ్బ ఆయనకు అక్కడ పడింది.

డాక్టరు మళ్ళీ వచ్చి మంచిగానే చెప్పాడు. ప్రాణానికి భయపడనక్కర్లేదు, గోలీలిచ్చి మెల్లగా తగ్గిస్తాం, కొద్దిరోజులు ఓపిక పట్టండి, మళ్ళీ ఆ కల్లు మాత్రం పోయకండి అన్నాడు. ఓపిక పట్టాలనే అనుకున్నాం. కానీ ఆ మనిషిని చూసినవాళ్ళకు తెలుస్తుంది. కళ్ళు తెరిస్తే తన తల్లి మంటల్లో ఉందనేది, నా పిల్లను చూసి పామనేది. మామ చేతులు పట్టుకుని, "నీ కాల్మొక్కుత, ఒక్క గుక్క. నీ కాల్మొక్కుత" అనేది. మామ రొట్టె తినడం మానేశాడు. ఒకనాడు పొద్దున్నే, ఇంటి నుంచి బట్టలు తెస్తానని బయల్దేరాడు. ఆయన వాలకం చూసి అవ్వ, "జర తోడు వోవే, ఆడు ఏమన్న చేసుకుంటడు" అని నన్ను వెంట పంపింది. మామ ఊరిదాకా రాలేదు. కోరుట్లలో దిగి బస్సోళ్ళ ఇంటి వైపు నడిచాడు.

ఎండ మండిపోతోంది. పెద్దాయన వరండాలో కూర్చుని పావురాలకు జొన్నలు వేస్తున్నాడు. మామను చూసి ఆశ్చర్యపోలేదు. నాకు కుర్చీ వేయించాడు, పిల్లకు మంచినీళ్ళు తెప్పించాడు. "మీ ఆయన మంచిగున్నడా బిడ్డా, మస్కట్ల ఎండలెక్కువ" అన్నాడు. అప్పుడు మామ వైపు తిరిగాడు.

"మా మందు ముట్టనోనివి నువ్వొక్కనివే అని మా తమ్ములకు చెప్తుంట. గీతోడంటే ఆడు అని."

మామ తువ్వాల భుజం మీద నుంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఇంటామెకు బాగలేదట గదా. మీ ఊరోళ్ళు చెప్పిండ్రు. ఆడమనిషి గోస చూడలేం" అని లోపలికి కేకేసి ఒక చిన్న పొట్లం తెప్పించాడు. ఊళ్ళన్నీ అల్లాడుతుంటే ఆ ఇంట్లో అది ఉంది. "తీస్కపో. తర్వాత చూస్తం" అన్నాడు.

మామ రెండు చేతులా అందుకున్నాడు. కొట్టలేదు, తిట్టలేదు, ఎవరూ ఎవరినీ బెదిరించలేదు. పావురాలు మా కాళ్ళ మధ్యనే గింజలేరుకుంటున్నాయి. నాకు గుర్తున్నంతలో ఆ ఇంటి చరిత్ర మొత్తం ఆ వరండాలోనే ఉంది.

డాక్టరు వద్దంటున్నా అత్తమ్మను ఇంటికి తెచ్చాడు. తాను దించిన కల్లులో, తన చేత్తో, మొదటిసారి మందు కలిపాడు. గిలాస తాగిన కొద్దిసేపటికి ఆమె మెడ నిలబడింది. లేచి కూర్చుని చుట్టూ చూసింది. "ఏందే కోడలా, ఎవరన్న సచ్చిండ్రా, గట్ల నిలవడ్డవ్" అంది. అవ్వ ఏడుస్తూ నవ్వింది. నా చేతులు వాటంతటవే జోడయ్యాయి. మనిషి దక్కింది, దండం పెట్టకుండా ఎట్లా ఉంటాను? కానీ ఎవరికి పెట్టాను? ఇంతకాలం పూజలో కూర్చుని ఆ ప్రశ్న అడుగుతూనే ఉన్నాను. అమ్మవారు కోప్పడదనుకుంటాను, జవాబు మాత్రం చెప్పలేదు.

మర్నాడే పొరుగు ముసలమ్మ గిలాస పట్టుకుని వచ్చింది. "నీ పెండ్లానికి పోసినవ్, మా ముసలోడు నీకేం పాపం చేసిండు?" అంది. మామ ఆమె గిలాసలో కూడా పోశాడు. ఆమె వెనక ఇంకొకరు. వానలు పడేనాటికి మామ లొట్లు కూడా బస్సోళ్ళ లొట్లే అయ్యాయి, పొట్లాలు వరసగా వచ్చాయి. తర్వాత ఎక్సైజువాళ్ళు మళ్ళీ దాడి చేసినప్పుడు పొడితో దొరికినవాళ్ళు మా మామా, మామలాంటి గీతకార్మికులూను. ఆ ఇంటి వాకిట్లోకి ఎవరూ పోలేదు. జామీను ఇప్పించింది ఆ ఇల్లే. ఇక ఇక్కడ ఉంటే కేసులు తప్పవని గల్ఫుకు పంపింది కూడా ఆ ఇల్లే. అప్పటికి డిపో బోర్డు తీసేసి వీసాల ఆఫీసు బోర్డు కట్టారు. పొడికి బానిసలైన ఊళ్ళలోంచి పని చేయగల చేతుల్ని ఏరి పంపడమే ఇక వాళ్ళ అసలు వ్యాపారం. ఎల్లారెడ్డిపేట దిక్కు కూడా ఆఫీసు పెట్టారని విన్నాను. మనుమల కాలం వచ్చేసరికి ఫంక్షన్ హాలు, బడి, ఇదిగో ఈ అన్నదానం.

మామను అక్కడ ఖర్జూర తోటలో పెట్టారు. ఎక్కడం తెలిసినవాడని సంతోషించారట. "గీడ గూడ ఈతచెట్లే బిడ్డా. కాకుంటే పండ్లు కాస్తయి" అని ఫోన్లో చెప్పాడు. ఆయన ఆ చెట్ల మీద ఉన్న ఒక వానకాలం, ఇక్కడ అత్తమ్మ నాట్లేస్తూ మడిలో ముందుకు ఒరిగింది. వంగి నాటు వేస్తోందనుకున్నారు పక్కవాళ్ళు. తక్కినవాళ్ళ సాలు వెనక్కి జరిగింది, ఆమె కదల్లేదు. అప్పుడు చూస్తే ప్రాణం లేదు. అప్పటికామె పూటకొక సీసా లేనిదే లేవలేని మనిషి. మామను పిలిపించమని అవ్వ ఆ ఇంటికి పోయి అడిగితే, పాస్‌పోర్టు అక్కడి యజమాని దగ్గరుంటుంది, మేమేం చేస్తామన్నారు. పెద్దాయన మాత్రం కళ్ళు తుడుచుకున్నాడని అవ్వ చెప్పింది. నిజంగానే తుడుచుకుని ఉంటాడు.

మామ తిరిగొచ్చి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు కనుక సిరిసిల్లలో మా ఇంట్లోనే ఉంటాడు. మా ఆయన మస్కట్ సంపాదనతో కట్టిన ఇల్లే. నా పిల్లల చదువులూ దానితోనే అయ్యాయి, ఆ మాట దాచుకోను. పక్కింట్లో బట్ట నేసే సాంచాలు పగలంతా టకటకా ఆడుతుంటే ఆయన అరుగు మీద కూర్చుని వింటుంటాడు. మాట్లాడటం తక్కువ. ఎప్పుడో ఒకసారి, నేను దేవుడి దగ్గర దీపం పెట్టి లేచే వేళకు అడుగుతాడు.

"బిడ్డా, గా డాక్టరు కొద్దిరోజులన్నడు గదా. నేను ఆగితే తగ్గునా?"

దేవుడి ముందు అబద్ధం చెప్పలేను, ఆయన ముందు నిజం చెప్పలేను. ప్రసాదం చేతిలో పెట్టి వంటింట్లోకి పోతాను. ఎన్నో ఏళ్ళు ఇట్లాగే గడిచిపోయాయి. డాక్టరు పట్టమన్న ఆ కొద్దిరోజుల ఓపికను మాత్రం మా మామ ఇప్పటికీ ఒక్కో రోజుగా పడుతూనే ఉన్నాడు.